అల్లుడికి గేమ్ బండిల్ గిఫ్ట్ పంపల్ల, 1149కి అయిదు ఆటలంట, తీసుకోవచ్చా?

పాతూరు మామ (అనంతపురం) · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారమప్పా. నాకు ఈ గేముల గురించి ఒక్క ముక్క తెలీదు, ముందే చెప్తాండా, నగొద్దండి. మా అక్క కొడుకు కర్నూల్లో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, వచ్చే ఆదివారం వాని పుట్టినరోజు. పోయినేడు ప్యాంటు షర్టు తీసిస్తే ఇంకా కవర్ కూడా ఇప్పలేదు, మా అక్క బీరువాలో అట్లే ఉండాది. ఈసారన్నా వానికి నచ్చేది ఇద్దామని నా ఆలోచన. దసరాకి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లో స్టీమ్ అని ఒక అంగడి చూపించినాడు, ఆడ ఆటలన్నీ అమ్ముతారంట, దాంట్లో ఒక బండిల్ (కొన్ని కట్టగా కలిపి అమ్మేది) చూసి మామా ఇది సేల్‌లో వస్తే కొనల్ల అన్నాడు, ఆ పేరు నేను చీటీ మీద రాసిపెట్టుకున్నా. ఈరోజు చూస్తే 9 వేల చిల్లర కొట్టేసి 1149 అని ఉండాది, అయిదు ఐటమ్‌లు. ఇంకో సైట్‌లో అదే బండిల్ 480కే అంటాండారు. ఇంత తేడా ఏంది? కొంటే పార్సెల్ హాస్టల్‌కే పోతాదా, నా పేరు రాసి పంపిస్తారా? నా బడ్జెట్ 1500. వానికి ముందే తెలీకూడదు.

టవర్‌క్లాక్ తమ్ముడు (అనంతపురం) · 9:52

మామా పార్సెల్ అనేసరికి నేను తాగుతాండే టీ ముక్కులోకి పోయింది, సారీ 😂 డబ్బా, సీడీ ఏమీ రాదు మామా. నువ్వు కొంటే అది వాని అకౌంట్‌లోకి పోయి కూర్చుంటాది, వాడు ఆడనుంచి డౌన్‌లోడ్ చేసుకుంటాడు. దానికి నీకూ ఒక స్టీమ్ అకౌంట్ ఉండల్ల, వాడు నీ ఫ్రెండ్ లిస్ట్‌లో ఉండల్ల. కార్ట్‌లో వేసినాక ఇది నాకా గిఫ్టా అని అడుగుతాది, గిఫ్ట్ అని పెట్టి వాని పేరు ఎంచుకుంటే పేరు, నాలుగు మాటలు రాసేదానికి జాగా ఇస్తాది. తారీఖు కూడా పెట్టొచ్చు, ఈరోజు కొని ఆదివారం చేరేట్టు. ఇంతకుముందు గిఫ్ట్ కొని మన దగ్గరే దాచిపెట్టుకోని ఎప్పుడో ఇచ్చేది ఉన్నింది, 2017లో అది తీసేసినారు, ఇప్పుడు నేరుగా ఫలానా మనిషికే పంపల్ల.

బురుజు కింద (కర్నూలు) · 10:05

ఆ 480 సైట్ జోలికి పోవద్దన్నా, ఒట్టేసి చెప్తున్నా. నేను పోయినేడు మా ఫ్రెండ్ పెళ్ళికి గేమ్స్ ఇద్దామని (వాడు పెళ్ళిలో కూడా గేమ్స్ గురించే మాట్లాడే రకం) అట్లాంటి ఒక సైట్‌లో అయిదు కీలు కొన్నా. పేరు రాయను, అది ఒక్కటే కాదు, అట్లాంటివి గుంపుగా ఉన్నాయి. అయిదిట్లో రెండు "ఇంతకుముందే వాడేసినారు" అని వచ్చె. ఇంకొకటి ఎక్కింది, మూడు వారాలకి వాని లైబ్రరీలోంచి (అకౌంట్‌లో ఉండే ఆటల జాబితా) మాయం. సైట్ వాళ్ళకి రాస్తే మేము మధ్యవాళ్ళం, అమ్మినోడు వేరే, వాన్ని అడగండి అన్నారు. ఆ అమ్మినోడు ఏ దేశమో దేవునికెరుక. కొన్నిసార్లు దొంగిలించిన కార్డులతో కీలు కొని వీటిల్లో అమ్ముతారు, కార్డు అసలు ఓనర్ బ్యాంకులో కంప్లైంట్ ఇస్తే కంపెనీ ఆ కీని చంపేస్తాది. డబ్బు పోయింది సరే, పెళ్ళికొడుకు ఫోన్ చేసి "ఏమిరా ఇచ్చిన గిఫ్ట్ వెనక్కి తీసుకున్నావా" అన్నాడు చూడు, అది తట్టుకోలేకపోయినా.

పాతూరు మామ · 10:11

అయ్యో. సరే 480ది వద్దు. కీ అంటే ఏందప్పా? గిఫ్ట్ అంటాండారు, కీ అంటాండారు, రెండూ ఒకటి కాదా?

గుంతకల్ జంక్షన్ · 10:30

మా ఊరి లెక్కలో చెప్తా. కీ అంటే జనరల్ టికెట్. అక్షరాలు అంకెలు కలిసిన ఒక కోడ్, దాని మీద పేరుండదు, ఎవని చేతిలో ఉంటే వాడు ఎక్కొచ్చు, ఒకడు ఎక్కినాడంటే అయిపోయె. గిఫ్ట్ అంటే రిజర్వేషన్, నీ అల్లుని పేరు మీద బెర్త్, ఇంకెవడూ కూర్చోలేడు, వాడు వద్దంటే డబ్బులు నీకే వాపసు వస్తాయి. నిజంగానే వస్తాయి, గిఫ్ట్‌ని అవతలోడు డిక్లైన్ కొడితే కొన్నోనికి రీఫండ్ పడుతాది.

కీలన్నీ దొంగవి అనొద్దు మళ్ళీ. హంబుల్ బండిల్ అని ఒకటుంది, 2010లో మొదలైంది, కంపెనీల దగ్గర నేరుగా కీలు తీసుకోని అమ్ముతారు, కట్టిన దాంట్లో కొంత దానధర్మాలకి పోతాది. మొదట్లో ఎంతిస్తే అంతకే ఇచ్చేటోళ్ళు. దాంట్లో ఒక్కో ఆటకి గిఫ్ట్ లింక్ తీసి వేరేవాళ్ళకి పంపొచ్చు, నేను అట్ల ఒక బండిల్ కొని నలుగురికి పంచినా, ఒకనికి కార్లది, ఒకనికి పజిల్‌ది, తలా ఒకటి. బొరుగులు పొట్లం కట్టి పంచినట్టు. కాకపోతే రేటు డాలర్లలో ఉంటాది, కొన్ని కీలు మన దేశంలో ఎక్కవు, కొనేముందు కింద చిన్న అక్షరాల్లో రాసుంటారు అది చదవల్ల.

దేవుని కడప అక్క · 10:47

నేను ఇద్దరు పిల్లల తల్లిని కాబట్టి నా బాధ నాది. తమ్ముడూ నువ్వు ఏం కొన్నా సరే, కార్డు నంబర్ సేవ్ చేయమంటాదే ఆ టిక్కు తీసేయ్. మా పెద్దోడికి పోయిన ఎండాకాలం ఒక ఆట కొనిచ్చి టిక్కు తీయడం మర్చిపోయినా, వాడు రెండు నెలల్లో తుపాకీకి రంగులంట, టోపీలంట, 3,200 కొన్నాడు. అడిగితే "అమ్మా అవి స్కిన్స్" అంటాడు. చర్మం ఒలిచినా నాకు.

ఇంకొకటి మా ఆయన అడగమన్నాడు. ఆన్‌లైన్ గేమ్స్ గవర్నమెంటు బ్యాన్ చేసింది కదా, ఇవి కొంటే ఇబ్బంది లేదా?

టవర్‌క్లాక్ తమ్ముడు · 10:55

అక్కా ఆ చట్టం 2025 ఆగస్టులో వచ్చింది, అది డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆటలకి, రమ్మీ, పేకాట, ఫ్యాంటసీ టీములు అట్లాంటివాటికి. మనం కొనేది అట్లా కాదు, సినిమా టికెట్ కొన్నట్టు ఒకసారి కొని ఆడుకునేది, పందెం లేదు. అన్నకి ధైర్యం చెప్పు. టోపీల సంగతి మాత్రం చట్టం ఏం చేయలేదు 😄

ప్రొద్దుటూరు బంగారం · 11:08

అందరూ పంపేది ఎట్లా అంటున్నారు గానీ ఆ 9 వేలు 1149 లెక్క ఎవరన్నా చూసినారా. నేను బంగారం అంగట్లో కూర్చునేటోన్ని, తరుగు మజూరీ లెక్కలు చూసి చూసి ఎవడు డిస్కౌంట్ అన్నా చెయ్యి కాలిక్యులేటర్ మీదికి పోతాది.

బండిల్‌లో రెండు తగ్గింపులుంటాయి. ఒకటి ఒక్కో ఆట మీద సేల్ తగ్గింపు, ఇంకొకటి మొత్తం కట్టగా తీసుకున్నందుకు. ఈ రెండూ కూడుకోవు. వెయ్యి రూపాయల సరుకు 75 శాతం తగ్గితే 250. దాని మీద బండిల్‌కి ఇంకో 10 శాతం అంటే 225, అంతేగానీ 85 శాతం పోయి 150 అవ్వదు. అంటే కట్ట కట్టినందుకు నీకు మిగిలింది 25 రూపాయలే. ఆ పాతిక కోసం మనకి అక్కర్లేని మూడు ఆటలు మోసుకోని పోతాం. మజూరీలో తగ్గించి తరుగులో లాగినట్టే.

ఇంకా చూడాల్సింది ఆ 9 వేలు నిజంగా ఎప్పుడన్నా ఎవడన్నా కట్టినాడా అని. స్టీమ్‌డీబీ అని సైట్ ఉంది, ఏ ఆట ఏ నెలలో ఎంతకి అమ్మినారో గీత గీసి చూపిస్తాది, రూపాయల్లోనే. కొన్ని ఆటలు రెండు నెలలకొకసారి అదే 80 శాతానికి దిగుతాంటాయి, వాటికి అసలు రేటు ఆ దిగిన రేటే, పైన కొట్టేసిన అంకె ఊరికే గోడకి వేసిన బొమ్మ. అన్నా ఆ అయిదు ఐటమ్‌లు ఏమేమో పేర్లు రాయి ఈడ.

పాతూరు మామ · 11:20

చీటీ చూసి రాస్తాండా, ఇంగ్లీషు పేర్లు అన్నీ రాయలేను. ఒకటి కార్లది. రెండోది కార్లదే రెండో భాగం. మూడోది మొదటిదాని పేరే ఉండి పక్కన సౌండ్‌ట్రాక్ అని ఉండాది. నాలుగోది ఆర్ట్ బుక్. అయిదోది ఏదో ప్యాక్ అని కార్ల బొమ్మలుండాయి.

ప్రొద్దుటూరు బంగారం · 11:22

😂😂😂 అయిదు ఆటలంట. రెండు ఆటలు, ఒక పాటల క్యాసెట్టు, ఒక బొమ్మల పుస్తకం, కార్లకి వేసే రంగులు.

బురుజు కింద · 11:25

పెళ్ళిలో అయిదు రకాల స్వీట్లు అని చెప్పి మూడు లడ్డూలు వేరే వేరే ప్లేట్లలో పెట్టినట్టు ఉంది.

పాతూరు మామ · 11:27

నాకు అప్పుడే అనుమానమొచ్చింది, ఐటమ్‌లు అని రాసినారు, ఆటలు అని రాయలేదు. మందుల అంగడి పెట్టుకోని ఇరవై ఏండ్లు, స్కీముల్లో 10 ప్లస్ 1 అంటే ఆ ఒకటి ఎక్స్‌పైరీ దగ్గరున్నదే ఇస్తారు. ఈడ కూడా అంతేనా?

గుంతకల్ జంక్షన్ · 11:40

ఎక్స్‌పైరీ లేదులే గానీ అట్లాంటిదే. అన్నీ అట్లా కాదు మామా, కొన్ని బండిళ్ళు నిజంగా బంగారం. కానీ ముందు ఇంకో సంగతి, వాని ల్యాప్‌టాప్ ఏంది? కొత్త ఆట కొనిస్తావు, వాని దాంట్లో గ్రాఫిక్స్ కార్డు లేకపోతే స్లైడ్ షో మాదిరి ఆగి ఆగి నడుస్తాది. ఆట పేజీలో కింద కనీసం ఏం ఉండల్ల అని రాసుంటాది, ర్యామ్ ఎంత, గ్రాఫిక్స్ ఏంది, జాగా ఎంత అని. 60, 70 జీబీ ఆటలు మామూలైపోయినాయి, హాస్టల్ వైఫైలో అది దిగేసరికి సెమిస్టర్ అయిపోతాది.

పాతూరు మామ · మంగళవారం మధ్యాహ్నం 2:15

నిన్న పండుకునేసరికి పన్నెండున్నర, మా ఆడోళ్ళు ఈయనకి ఏమైంది ఈ వయసులో అని చూస్తాంది. పొద్దున వానికి ఫోన్ చేసినా. తెలీకుండా అడగల్ల కదా, ఒరే నీ ల్యాప్‌టాప్‌కి ఇన్సూరెన్స్ కట్టల్ల, ఏం మోడలో చెప్పు అన్నా. ల్యాప్‌టాప్‌కి ఇన్సూరెన్స్ ఏంది మామా అని నవ్వి మోడల్ చెప్పినాడు. మా అంగట్లో పనిచేసే పిల్లోడు చూసి 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు వేరేగా లేదు అన్నాడు.

మాటల్లో మాట ఆ కార్ల ఆట గురించి అడిగితే "మొదటిది దీపావళికే కొన్నా మామా, రెండోది ఉంటే బాగుండు" అన్నాడు. అంటే బండిల్‌లో ఒకటి వాని దగ్గర ముందే ఉండాది. పర్వాలేదా? ఒకటి ఎక్కువైనా నష్టం లేదు కదా, ఫ్రెండ్‌కి ఇచ్చుకుంటాడు.

టవర్‌క్లాక్ తమ్ముడు · 2:31

ఆడనే ఉంది మామా మెలిక. కట్టలో ఒక్కటి వాని దగ్గర ముందే ఉన్నా ఆ బండిల్ గిఫ్ట్‌గా పోదు, పేరు పక్కనే ఇతని దగ్గర ఉంది అని చూపిస్తాది. నాకు మా తమ్మునితో ఇదే జరిగింది. ఎక్కువైంది ఫ్రెండ్‌కి ఇచ్చేదానికి లేదు, ఒకసారి అకౌంట్‌లోకి ఎక్కినది వేరేవాళ్ళకి మారదు.

తమాషా ఏందంటే అదే బండిల్ వాడే వాని అకౌంట్‌లో కొనుక్కుంటే ఉన్నదాని రేటు తీసేసి మిగతా వాటికే కట్టించుకుంటారు, కట్ట తగ్గింపు కూడా ఉంటాది. అంటే బండిల్ అనేది ఎవరికి వాళ్ళు కొనుక్కుంటే లాభం, వేరేవాళ్ళు కొనిస్తే లేదు. ఇది నేను మూడు సార్లు దెబ్బ తిన్నాక తెలుసుకున్నా, గిఫ్ట్ అయితే ఒంటి ఆట కొను, కట్ట వద్దు. పూర్తిగా కొత్తోడైతే, లైబ్రరీ ఖాళీగా ఉంటే మాత్రం కట్ట సూపర్.

దేవుని కడప అక్క · 2:50

అట్లయితే డబ్బులే పంపు తమ్ముడూ, వాడే కొనుక్కుంటాడు. 1149 ఫోన్‌పే కొట్టేస్తే నిమిషంలో అయిపోతాది.

పాతూరు మామ · 2:53

అక్కా డబ్బులు పంపితే సాయంత్రానికి బిర్యానీ అయిపోతాది, నలుగురు రూమ్మేట్‌లు ఉండారు. పైగా మేనమామ డబ్బు పంపితే చదివింపులు రాయించినట్టు ఉంటాది. వాడు తెరిచి చూడల్ల, మామ పంపినాడు అనుకోవల్ల.

బురుజు కింద · 3:10

మధ్యలో ఒక దారి ఉంది అన్నా. స్టీమ్‌లోనే గిఫ్ట్ కార్డు పంపొచ్చు, నీ పేరుతో, నాలుగు మాటలు రాసి. ఆ డబ్బు వాని వాలెట్‌లోకి పోతాది, బిర్యానీకి పనికిరాదు, ఆటలకే. అప్పుడు వాడు ఆ బండిల్‌ని వాని తగ్గింపు రేటుకే కొనుక్కుంటాడు. కాకపోతే గిఫ్ట్ కార్డు పంపాలంటే ఫ్రెండ్ అయ్యి కనీసం 3 రోజులు అయ్యుండల్ల. నువ్వు ఆదివారం పొద్దున లేచి ఫ్రెండ్ రిక్వెస్ట్ పెడితే పని కాదు, ఈరోజే చెయ్.

మేము మొదలుపెట్టినప్పుడు ఇవన్నీ యాడుండె. 2015లో రూపాయల్లో రేట్లు వచ్చినాయి, అంతకుముందు అన్నీ డాలర్లే, క్రెడిట్ కార్డు ఉన్న ఒకే ఒక సీనియర్ కాళ్ళు పట్టుకోని అతని చేత కొనిపిచ్చుకునేది. అతను కమిషన్ కింద ఉగ్గాని బజ్జీ తినేవాడు, ఒక్కో ఆటకి రెండు ప్లేట్లు.

ప్రొద్దుటూరు బంగారం · 3:18

ఇప్పటికీ కమిషన్ అదే రేటయితే నేను కొనిపెడతా ఎవరికైనా.

మైదుకూరు వయా డల్లాస్ · 6:40

నాదీ ఇట్లాంటిదే ప్రశ్న, వేరే దారం (థ్రెడ్) ఎందుకని ఈడే అడుగుతున్నా. నేను డల్లాస్‌లో ఉంటా, మా బామ్మర్ది కడపలో. ఇండియాలో రేట్లు తక్కువ కదా, వాని చేత కొనిపిచ్చి నాకు గిఫ్ట్ పెట్టించుకుంటే సగం మిగులుతాది అనుకున్నా. ఎవరన్నా చేసినారా?

టవర్‌క్లాక్ తమ్ముడు · 6:58

అన్నా అందరికీ వచ్చే ఐడియానే అది 😄 రెండు దేశాల మధ్య రేటు తేడా బాగా ఎక్కువుంటే గిఫ్ట్ పోనివ్వరు. నువ్వు ఆడనుంచి ఈడికి పంపితే మామూలుగా పోతాది, నీకు నీ డాలర్ రేటే పడుతాది. దేశం మార్చి చూపించే యాప్‌లు పెట్టి ఇండియా రేటుకి కొందామని చూడొద్దు, అకౌంట్‌కే ఎసరు వస్తాది. డాలర్లలో సంపాదిస్తా బామ్మర్ది నెత్తిన చెయ్యి పెట్టేది ఏందన్నా.

మైదుకూరు వయా డల్లాస్ · 7:05

ఈడ అద్దెలు నీకేం తెలుసు తమ్ముడూ. సరే బామ్మర్దికే ఏదో పంపుతా.

పాతూరు మామ · రాత్రి 9:30

అప్పా అకౌంట్ తెరిచినా. వాని పేరు వెతికి పట్టుకున్నా, ఫ్రెండ్ రిక్వెస్ట్ నొక్కితే పోలేదు, ఏదో లిమిటెడ్ అంటాది. డెబిట్ కార్డు పెడితే అదీ పోలేదు. రెండు గంటలు కూర్చున్నా, కస్టమర్లు వెనక్కి పోయినారు.

గుంతకల్ జంక్షన్ · 9:44

రెండూ వేరే వేరే రోగాలు. కొత్త అకౌంట్ నుంచి 5 డాలర్లకి సమానం ఖర్చు పెట్టేదాకా ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపనివ్వరు, దొంగ అకౌంట్లు జాస్తి కాబట్టి పెట్టినారు. వాలెట్‌లో ఆ మాత్రం డబ్బులేస్తే తెరుచుకుంటాది. లేదంటే వాడే నీకు రిక్వెస్ట్ పెట్టల్ల, అప్పుడు గుట్టు బైట పడుతాది.

కార్డు సంగతి, 2020 మార్చి 16 నుంచి రిజర్వ్ బ్యాంక్ రూల్ ఉంది, కొత్తగా ఇచ్చే కార్డుల్లో ఆన్‌లైన్‌దీ విదేశాలదీ మూసే ఇస్తారు, మనం బ్యాంకు యాప్‌లోకి పోయి తెరుచుకోవల్ల. నీకు అంత అక్కర్లేదు, యూపీఐ పెట్టు, స్టీమ్ తీసుకుంటాది. హంబుల్ లాంటి డాలర్ సైట్లలో కొనేటప్పుడే ఆ స్విచ్ అవసరం, కొన్నాక మళ్ళీ ఆపేయండి.

బురుజు కింద · 9:50

ఇంకో జాగ్రత్త. కొత్త అకౌంట్ చూసి ఎవడో ఒకడు "నీకు 50 డాలర్ల గిఫ్ట్ వచ్చింది ఈ లింక్ నొక్కు" అని మెసేజ్ పెడతాడు. నొక్కితే అచ్చం స్టీమ్ మాదిరే పేజీ వస్తాది, పాస్‌వర్డ్ అడుగుతాది, కొట్టినావంటే అకౌంట్ పోయినట్టే. నిజం గిఫ్ట్ యాప్ లోపలే కనపడుతాది, బైట లింక్ నొక్కే పని లేదు. డబ్బులు పోతే మాత్రం వెంటనే 1930కి ఫోన్ చేయాల.

వేదిక పెద్ద · 9:58

480 సైట్ లింక్ ఒకరు వేసినారు, తీసేసినా. దయచేసి అట్లాంటివి ఈడ వేయొద్దు.

పాతూరు మామ · 10:02

ఆ లింక్ వేసింది నేనే, జాగ్రత్తగా ఉండమని చెప్పేదానికి వేసినా. తప్పయింది.

వాలెట్‌లో డబ్బులేయాలంటాండారు సరే, వేసిన డబ్బు ఏం చేయల్ల నేను? నేనేమన్నా ఆడతానా?

దేవుని కడప అక్క · 10:06

ఆడు తమ్ముడూ! ఏం, ఆడకూడదా?

ప్రొద్దుటూరు బంగారం · 10:09

అక్క మాట బాగుంది. అన్నా ఇద్దరు కలిసి ఆడే ఆట ఒకటి తీసుకో, నీకొకటి వానికొకటి. వానికి కార్ల ఆట రెండో భాగం ఎవరైనా ఇస్తారు, మేనమామతో కూర్చోని ఆడే ఆట ఎవడిస్తాడు.

టవర్‌క్లాక్ తమ్ముడు · 10:20

ఇట్ టేక్స్ టూ అని 2021లో వచ్చింది, అచ్చంగా ఇద్దరి కోసమే చేసినారు, ఒక్కరు కొంటే చాలు, రెండోవాళ్ళకి ఫ్రెండ్స్ పాస్ అని ఊరికే ఇస్తారు. డబ్బు లెక్కలో దాన్ని కొట్టేది లేదు. కానీ వానికి గ్రాఫిక్స్ కార్డు లేదు, నీకు ఏ కంప్యూటర్ ఉంది మామా?

పాతూరు మామ · 10:22

అంగట్లో బిల్లింగ్ కంప్యూటర్. పాతదే.

గుంతకల్ జంక్షన్ · 10:35

అయితే పోర్టల్ 2. 2011ది, బిల్లింగ్ కంప్యూటర్ కూడా మోస్తాదేమో చూడొచ్చు, వాని ల్యాప్‌టాప్‌కి నల్లేరు మీద నడకే. దాంట్లో ఒక్కరు ఆడే కథ వేరే, ఇద్దరు ఆడే కథ వేరే ఉంటాది. రక్తాలు, నరుక్కోవడాలు లేవు, గోడకి ఒక ద్వారం తెరుస్తావు, ఇంకో గోడకి ఇంకో ద్వారం, దీంట్లో దూరితే దాంట్లోంచి బైట పడతావు. అంతే, కానీ బుర్ర వేడెక్కిపోతాది. 2007 నాటి మొదటి పోర్టల్, ఇదీ కలిపి బండిల్‌గా అమ్ముతారు, రెండూ ఆటలే, పాటల క్యాసెట్టు లేదు. వాని దగ్గర రెండిట్లో ఏదీ లేదా అని చూసుకో, ప్రొఫైల్ తెరిచి ఉంటే లైబ్రరీ కనపడుతాది, విష్‌లిస్ట్ (కొనల్ల అని గుర్తుపెట్టుకున్న ఆటలు) కూడా కనపడుతాది. ఇద్దరికీ చెరొక కాపీ కావాల్సిందే, దీనికి ఫ్రెండ్స్ పాస్ లేదు.

నీ కంప్యూటర్ మోయకపోతే కంగారు లేదు. కొన్న 14 రోజుల లోపల, ఆడింది రెండు గంటల లోపల ఉంటే రీఫండ్ అడగొచ్చు. బండిల్ అయితే అన్ని ఆటలూ కలిపి రెండు గంటలు, ఒక్కోదానికి రెండు కాదు. గిఫ్ట్ వాడు తీసుకున్నాక వాపసు కావాలంటే వాడే అడగల్ల, డబ్బు మాత్రం కొన్న నీకే వస్తాది.

మైదుకూరు వయా డల్లాస్ · 10:41

సేల్ కోసం ఆగొచ్చు కదా, వింటర్ సేల్ డిసెంబర్‌లోనే.

పాతూరు మామ · 10:44

సేల్ వచ్చేదాకా వాడు పుట్టకుండా ఆగినాడా అన్నా.

టవర్‌క్లాక్ తమ్ముడు · 10:45

😂😂 ఈ దారానికి ఇదే బెస్ట్ కామెంట్.

సేల్ కోసం చూసేవాళ్ళకి ఒక మాట, పెద్ద సేల్స్ మనకి చలికాలం రాత్రి 11:30కి, ఎండాకాలం 10:30కి తెరుస్తారు. మొదటి అరగంట పేజీలు తెరుచుకోవు, పండుకోని పొద్దున కొనుక్కోండి, రేటు ఎక్కడికీ పోదు. కొన్న రెండు రోజులకే రేటు తగ్గినా ఏడవాల్సిన పని లేదు, రీఫండ్ అడిగి మళ్ళీ తక్కువకి కొనుక్కోవచ్చు, స్టీమ్ వాళ్ళే అది తప్పు కాదని రాసి పెట్టినారు. పైసా పెట్టలేని వాళ్ళు స్టీమ్ మాదిరే ఇంకో అంగడి ఉంది, ఎపిక్ స్టోర్, అది చూడండి, ప్రతి గురువారం రాత్రి ఒక ఆట ఊరికే ఇస్తారు, నా దాంట్లో రెండొందల ఆటలుండాయి, ఆడింది ఆరు.

పాతూరు మామ · బుధవారం మధ్యాహ్నం 1:05

వాలెట్‌లో యూపీఐతో డబ్బులేసినా, లిమిటెడ్ పోయింది. వానికి రిక్వెస్ట్ పెట్టినా, పేరు "బిర్యానీ పంపే మనిషి" అని పెట్టుకున్నా, వాడు ఎవరో రూమ్మేట్ అనుకోని ఒప్పుకున్నాడు. పోర్టల్ రెండూ వాని దగ్గర లేవు, చూసినా. తగ్గింపులో ఉన్నింది, ఇద్దరికీ కలిపి నేననుకున్న 1500 లోపలే అయింది. తారీఖు ఆదివారం పెట్టినా. మాటలు రాసే జాగాలో ఏం రాయల్లో తెలీక "షర్టు వేసుకోరా" అని రాసినా.

దేవుని కడప అక్క · 1:12

🤣 నువ్వు సామాన్యుడివి కాదు తమ్ముడూ.

పాతూరు మామ · ఆదివారం రాత్రి 11:20

అప్పా వాడు పొద్దున్నే ఫోన్ చేసినాడు. ముందు అయిదు నిమిషాలు మాట్లాడలేదు, నవ్వుతానే ఉండాడు. సాయంత్రం అంగడి మూసినాక ఇద్దరం కూర్చున్నాం, నేను ఈడ, వాడు ఆడ, చెవిలో ఫోన్. బిల్లింగ్ కంప్యూటర్ ఫ్యాన్ బోరింగు మాదిరి మోగుతాంది కానీ నడిచింది. రెండు గంటల్లో నన్ను తొమ్మిదిసార్లు బురదలోకి తోసినాడు, కావాలనే. తల తిరిగి మాత్ర వేసుకున్నా, మన అంగట్లోదే.

వాడు షర్టు వేసుకోని ఫోటో పెట్టినాడు, పొట్టి అయిపోయింది, ఏడాదిలో ఎదిగినాడు.

ఇప్పుడు నా ప్రశ్న. వాడు పండుకున్నాడు, నేను మొదటి ఆట ఒక్కన్నే ఆడతాండా. ఒక రూమ్‌లో నీలం ద్వారం తెరిచి దూరితే మళ్ళీ అదే గోడ పక్కకే వచ్చి నిలబడతాండా. అరగంట నుంచి ఇదే. ఏం తప్పు చేస్తాండా?

గుంతకల్ జంక్షన్ · 11:26

మామా రెండు ద్వారాలూ ఒకే గోడకి కొట్టినట్టున్నావు. ఆరెంజ్‌ది ఎదురు గోడకి కొట్టు, పైన.

పాతూరు మామ · 11:31

పైకి వచ్చినా! ఇప్పుడు కిందికి ఎట్ల దిగల్ల?